పన్నెండో అధ్యాయంలో లాఠీ: ఒక పోలీసు నవలపై స్టూడియో చర్చ

(రికార్డింగు నుంచి రాసిన ప్రతి. ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట ఎవరి మాట పైకి వినబడితే అదే రాశాం. ఎక్కువసార్లు ఎవరిది వినబడిందో చదివితే తెలుస్తుంది.)

సంచాలకురాలు: నమస్కారం. ఈ వారం మన ముందున్నది ఒక అపరాధ పరిశోధక నవల. ప్రకాశం జిల్లా వైపు ఒక చిన్న పట్నం, పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో శవం, దర్యాప్తు చేసే ఒక ఎస్సై. పన్నెండో అధ్యాయంలో ఆ ఎస్సై అనుమానితుణ్ణి లాకప్‌లో కొట్టి నిజం చెప్పిస్తాడు. దాంతో పాఠకులు రెండు వర్గాలయ్యారు. దెబ్బలను గొప్పగా చూపించారని ఒకరు, ఉన్నదే రాశారని మరొకరు. నా అనుమానం మాత్రం వేరు. చిన్న ఊరి పరువు ఇలా బజారున పడేయాలా? అందరికీ సమాన సమయం ఇస్తాను. లాయరు గారూ, మీరు మొదలుపెట్టండి.

న్యాయవాది: నాకు ఊరితో పేచీ లేదండీ. రెండు విషయాలు చెబుతాను. మొదటిది, పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకుంటే ఆ మాట కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షను అదే చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షను కూడా అదే చెబుతోంది. అలాంటిది, ఒప్పుకోలు రాగానే కేసు తేలిపోయినట్టు రచయిత...

విశ్రాంత సీఐ: ఒక్క నిమిషం. తేలిపోయిందని ఎవరన్నారు? కత్తి దొరికింది కదా! నిందితుడు చెప్పిన చోట వస్తువు దొరికితే ఆ మేరకు అతని మాట చెల్లుతుంది. పాత 27వ సెక్షను. కొత్త చట్టంలోనూ ఉంది. లాయరు గారు సగం చెప్పి ఆగారు.

న్యాయవాది: నేను ఆగలేదు, మీరు ఆపారు. కొట్టి చెప్పించిన సమాచారమైతే, నిందితుణ్ణి తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదనే రాజ్యాంగంలోని 20(3) అధికరణం...

విశ్రాంత సీఐ: అసలు తప్పు అది కాదమ్మా. హత్య కేసును ఎస్సై దర్యాప్తు చేయడం ఏమిటి? మన దగ్గర ఎఫ్‌ఐఆర్ ఎస్సై కట్టినా, హత్య అనగానే ఫైలు సీఐ చేతికి వెళుతుంది. ఈ నవలలో సీఐ రెండు చోట్ల కనబడతాడు. ఒకచోట టీ తాగుతాడు, ఇంకోచోట ఫోనులో తిడతాడు. నేను సీఐగానే రిటైరయ్యాను, నాకు కోపం రాదా?

సంచాలకురాలు: అంటే పోలీసు శాఖ పరువు కూడా పోయిందంటారు. ఊరి పరువుతో పాటు.

విమర్శకుడు: పరువు సంగతి కాసేపు పక్కన పెడదాం. తెలుగులో డిటెక్టివ్ నవల అంటే చాలాకాలం ప్రైవేటు డిటెక్టివే. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నూ, అసిస్టెంటు రాజునూ అద్దె పుస్తకాల షాపుల్లో తెచ్చుకుని చదివాం. అక్కడ తెలివి డిటెక్టివుది. ఈ నవల స్టేషనులోనే కూర్చుంటుంది. స్టేషను కాగితాలు రాసే పోలీసు, అదే రైటరు, కేసు డైరీ రాయడం, పంచనామాకు సాక్షులు దొరకక వీఆర్వోను పిలిపించడం, జీపులో డీజిలు పోయించడానికి ఎవరినో అడగడం. కథానాయకుడు ఎస్సై కాదు, ఆ స్టేషను అనుకుంటే...

సంచాలకురాలు: పోలీసులు ఆ డీజిలు అడిగే షావుకారు పాత్ర ఉంది చూడండి, అది మా ఊరి వ్యాపారుల్ని అవమానించడమేనని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

విమర్శకుడు: ఏ ఊరి వ్యాపారుల్ని? నవలలో ఊరికి పేరే లేదు.

సంచాలకురాలు: రైలు గేటు ఉంది, సంత ఉంది, బ్యారన్లు ఉన్నాయి. జనం పోల్చుకోరా?

విశ్రాంత సీఐ: బ్యారన్ దగ్గరికి వద్దాం. నేను ఆ ప్రాంతంలో పనిచేశాను. ఆకు రంగు తిరిగే రోజుల్లో బ్యారన్‌లో వేడి 35 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఈనె ఎండే నాటికి 70 దగ్గరికి తీసుకెళతారు. అయిదారు రోజులు రాత్రింబవళ్లు కట్టెలు ఎగదోస్తూ ఒక మనిషి పొయ్యి దగ్గరే ఉంటాడు. అలాంటి చోట శవం ఉంటే చల్లబడుతుందా? త్వరగా పాడవుతుంది. నవలలో పోస్టుమార్టం చేసిన డాక్టరు ఏమంటాడు? ‘రాత్రి పది గంటలకు చనిపోయాడు’. పది గంటలకట! ఏ డాక్టరూ అంత గట్టిగా చెప్పడు. పైగా పొయ్యి దగ్గర ఉన్న మనిషిని ఎస్సై ఎక్కడా విచారించడు. నేనైతే ముందు వాణ్ణే కూర్చోబెడతాను.

విమర్శకుడు: ఇది మంచి మాట. మరి నవలలో లోపం ఉందని మీరే అంటున్నారుగా?

విశ్రాంత సీఐ: లోపం వేరు, అబద్ధం వేరు. లోపం ఉంది. పన్నెండో అధ్యాయం అబద్ధం కాదు.

న్యాయవాది: అబద్ధం కాదని ఒప్పుకున్నారు కదా, అదే నా భయం. ఈ కథ 2024 తర్వాత జరుగుతోంది. నలభయ్యో పేజీలో కొత్త చట్టాలు వచ్చాయని కానిస్టేబుళ్లు జోకులేసుకుంటారు. ప్రతి పోలీసు స్టేషనులో, లాకప్‌తో సహా, సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులోనే ఆదేశించింది. మరి ఆ రాత్రి కెమెరా ఏమయింది?

విశ్రాంత సీఐ: పాడై ఉంటుంది.

(స్టూడియోలో నవ్వులు)

న్యాయవాది: మీరు నవ్వారు, వీళ్లూ నవ్వారు. రచయిత ఆ ఒక్క వాక్యం రాసినా ఈ అధ్యాయం వేరే అయ్యేది. కెమెరా పాడైందనో, ఎవరో దాని మీద తువాలు కప్పారనో. ఏమీ రాయలేదు. కెమెరాలే లేని ప్రపంచంలో ఎస్సై మంచివాడైపోయాడు.

విశ్రాంత సీఐ: ఎస్సై హత్య సెక్షనును 302 అంటాడు, కొత్త శిక్షా చట్టంలో అది 103. మీరు దాన్ని కూడా తప్పంటారేమో. మేము ఇప్పటికీ 302 అనే అంటాం. నోరు తిరగాలి కదా.

సంచాలకురాలు: లైబ్రేరియన్ గారూ, మీరు చాలాసేపటి నుంచి వింటున్నారు. పాఠకులు ఏమంటున్నారు?

లైబ్రేరియన్: మాది శాఖా గ్రంథాలయం. రెండు ప్రతులు ఉన్నాయి, రెండూ అలమరలో నిలవవు. ఒక ప్రతిలో పన్నెండో అధ్యాయం పక్కన ఎవరో పెన్సిలుతో ‘ఇది అన్యాయం’ అని రాశారు. దాని కింద వేరే చేతిరాతలో ‘మీ ఇంట్లో దొంగతనం జరిగితే అప్పుడు చెప్పు’. దాని కింద మూడో మనిషి ‘మా తమ్ముణ్ణి ఇలాగే తీసుకెళ్లారు’ అని రాసి, ఒక తేదీ వేసి, తర్వాత ఆ తేదీని రబ్బరుతో చెరిపారు. గుంట మిగిలింది, చదవలేం. రాతలున్న పుస్తకాన్ని మార్చమంటారు, నాకు మాత్రం మనసు రావడం లేదు.

న్యాయవాది: ఆ మూడో రాత...

విశ్రాంత సీఐ: గ్రంథాలయం పుస్తకం మీద రాయడం తప్పు కదా? ముందు అది చెప్పండి.

లైబ్రేరియన్: తప్పే అండీ. కానీ మీరు అడగాల్సింది...

విశ్రాంత సీఐ: నేను ఇరవై మాటలు అననివ్వండి. స్టేషనుకు వచ్చిన తల్లి ‘నా కొడుకును చంపినవాణ్ణి పట్టుకోండి’ అంటుంది. పైనుంచి డీఎస్పీ ‘ఎంతవరకు వచ్చింది’ అంటాడు. పేపరువాళ్లు గేటు దగ్గర. ఆధారాలు సేకరించే క్లూస్ టీం జిల్లా కేంద్రం నుంచి రావాలి, ఈలోగా ఊరు ఊరంతా బ్యారన్ తొక్కేస్తుంది. ల్యాబు రిపోర్టు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అప్పుడు ఎస్సై చేతిలో ఏముంది?

న్యాయవాది: లాఠీ ఉంది. అదే కదా నవల చెబుతున్నది. మనిషిని అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. నవలలో మూడు రాత్రులు ఉంచారు. అరెస్టు చూపించలేదు. బంధువులకు చెప్పలేదు. అరెస్టు సంగతి బంధువులకు చెప్పాలన్న డి.కె. బసు తీర్పు 1996లో వచ్చింది, ఈ ఎస్సై అప్పటికి పుట్టి కూడా ఉండడు!

విశ్రాంత సీఐ: తీర్పులు ఢిల్లీలో వస్తాయి. శవం మా స్టేషను పరిధిలో దొరుకుతుంది.

(స్టూడియోలో చప్పట్లు)

సంచాలకురాలు: చప్పట్లు వస్తున్నాయి. ప్రేక్షకులు మీతో ఉన్నట్టున్నారు సీఐ గారూ.

విమర్శకుడు: చప్పట్లు వాక్యానికి వచ్చాయి, వాదానికి కాదు. రచయిత ఆ అధ్యాయంలో ఒక పని చేశారు, ఎవరూ గమనించడం లేదు. దెబ్బలు ఎక్కడా కనబడవు. పక్క గదిలో రైటరు కూర్చుని గొర్రెల దొంగతనం ఫిర్యాదు రాసుకుంటుంటాడు. గోడ అవతల శబ్దం వచ్చినప్పుడల్లా అతని పెన్ను ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. ఫిర్యాదుదారు ‘అయ్యా, తర్వాత రానా’ అని అడుగుతాడు. దీన్ని గొప్పగా చూపించడం అనగలమా? ఆ రైటరు సిగ్గు అక్కడ...

సంచాలకురాలు: గొర్రెల దొంగతనం! చూశారా, మళ్లీ ఊరినే తక్కువ చేయడం.

విమర్శకుడు: అమ్మా, గొర్రెలు పోవడం ఊరికి అవమానమా?

విశ్రాంత సీఐ: గొర్రెల దొంగతనం చిన్న కేసు కాదు. ఒక్క రాత్రిలో మందంతా వ్యానులో ఎక్కించుకుపోతారు. కాపరి ఆ సంవత్సరం కోలుకోడు. నేను ఒకసారి...

(ఇక్కడ గొర్రెల కేసు చాలాసేపు నడిచింది. దొంగలు దొరికారు. ఈ నవలతో సంబంధం లేనందున వదిలేశాం.)

న్యాయవాది: సంచాలకురాలు గారూ, నా వాటా సమయంలో ఎంత మిగిలింది?

సంచాలకురాలు: కొంచెమే ఉంది. కానీ సీఐ గారి అనుభవం ముందు మనం కాసేపు వినాలి కదా. అంటే, సారాంశంగా, నవల నిజాన్నే చూపించింది, కాకపోతే ఊరిని కొంచెం మర్యాదగా చూపించి ఉండాల్సింది. అంతేనా సీఐ గారూ?

విశ్రాంత సీఐ: సీఐని కూడా.

విమర్శకుడు: ఇది మా నలుగురి అభిప్రాయం అని వేయకండి.

సంచాలకురాలు: వేయం, వేయం. లాయరు గారూ, ఒక్క వాక్యం.

న్యాయవాది: రెండు విషయాలు చెబుతానన్నాను. రెండోది ఇంకా మొదలే కాలేదు. ఆ అనుమానితుడి కులం...

విశ్రాంత సీఐ: అది నేను చెబుతాను.

సంచాలకురాలు: సమయం అయిపోయింది. నమస్కారం.