కారులో చోటు దొరకని విలేకరి

అందరికీ నమస్కారం. పత్రికల్లో ఆటల పేజీ రాసేవాళ్ళ గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్కడి గురించే మాట్లాడతాను. పేరు డేవిడ్ వాల్ష్, ఐర్లండ్ మనిషి. లండన్ 'సండే టైమ్స్'లో చాలా ఏళ్ళు ఆటల విభాగంలో ప్రధాన రచయిత. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఒక్క సైక్లిస్టు వెంట ఏళ్ళ తరబడి పడ్డాడని ఆయన్ని మెచ్చుకున్నవాళ్ళూ అంటారు, తిట్టినవాళ్ళూ అంటారు. నాకు మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి కంటే, అన్నేళ్ళూ ప్రెస్ రూమ్‌లో వాల్ష్ పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ సంగతే ఆలోచించదగ్గదిగా అనిపిస్తుంది.

ముందు 1998 గురించి రెండు ముక్కలు. టూర్ డి ఫ్రాన్స్ అంటే అక్కడి ఎండాకాలంలో మూడు వారాలు సాగే సైకిల్ పందెం. ఆ ఏడాది ఫెస్టినా జట్టు కారును ఫ్రాన్స్, బెల్జియం సరిహద్దులో ఆపి సోదా చేస్తే డోపింగ్ మందులు, అంటే ఆటగాళ్ళు వాడకూడని మందులు, కుప్పలుగా దొరికాయి. అందులో ముఖ్యమైంది ఈపీవో. అది రక్తంలో ఎర్రకణాలను పెంచుతుంది. కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది, కొండ ఎక్కేవాడు తొందరగా అలిసిపోడు. దాన్ని పట్టుకునే పరీక్ష అప్పటికి లేదు. అంత పరువు పోయాక, 1999 పందేన్ని కొత్త ఆరంభం అని ప్రచారం చేశారు. మందులు మానేస్తే వేగం తగ్గాలి కదా? తగ్గలేదు సరికదా, సగటు వేగం మొదటిసారి గంటకు 40 కిలోమీటర్లు దాటింది. గెలిచింది ఆర్మ్‌స్ట్రాంగ్. మూడేళ్ళ కిందట క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్న మనిషి. ఇంతకంటే మంచి కథ ఏ పత్రికకైనా ఎక్కడ దొరుకుతుంది?

వాల్ష్‌కి అనుమానం వచ్చింది వేగం దగ్గర మాత్రమే కాదు. క్రిస్టోఫ్ బస్సాన్స్ అని ఒక ఫ్రెంచ్ కుర్రాడు అదే పందెంలో ఉన్నాడు. మందుల జోలికి పోడని పేరు. ఈ వేగాలు మామూలువి కావని ఒక పత్రికలో రాస్తున్నాడు. పందెం నడుస్తుండగానే ఆర్మ్‌స్ట్రాంగ్ అతని పక్కకు వచ్చి, ఇలా మాట్లాడేట్టయితే ఇంటికి పొమ్మన్నాడు. తోటివాళ్ళెవరూ అతనితో మాట్లాడలేదు. కొద్ది రోజులకే బస్సాన్స్ తప్పుకున్నాడు. వాల్ష్ లెక్క చాలా సింపుల్: నిజంగా మందులు వాడని విజేత అయితే ఈ కుర్రాడి భుజం తట్టాలి గాని తరిమెయ్యడం ఎందుకు? ఈ లెక్కకి లాబొరేటరీ అక్కర్లేదు. అక్కడున్న ప్రతి విలేకరికీ ఆ సంగతి తెలుసు.

పందెం ముగిసే రోజు వాల్ష్ రాసిన వ్యాసం సారాంశం ఇది: చప్పట్లు కొట్టాల్సిన సందర్భాలుంటాయి, చేతులు కట్టుకుని ఆలోచించాల్సిన సందర్భాలూ ఉంటాయి, ఇది రెండో రకం. పాఠకులు మండిపడ్డారు. క్యాన్సర్‌ను గెలిచినవాణ్ణి అనుమానిస్తావా అని ఉత్తరాలు రాశారు. వాళ్ళని తప్పుపట్టలేం. ఆ కథ మీద ఆశ పెట్టుకుని ఆసుపత్రుల్లో చికిత్స తీసుకుంటున్నవాళ్ళు ఎందరో ఉన్నారు.

వాల్ష్ కూడా మొదటి నుంచీ ఇలాంటివాడేమీ కాదు. 1980లలో తన దేశపు సైక్లింగ్ హీరో షాన్ కెల్లీని దగ్గరగా చూసి జీవితకథ రాసినప్పుడు, కెల్లీ పాజిటివ్‌గా తేలిన డోపింగ్ పరీక్ష విషయంలో మెత్తగా వ్యవహరించానని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అప్పుడు ఆయన అభిమాని. మరి మార్పు ఎక్కడ వచ్చింది? ఆయన చెప్పే కారణం ఇంట్లోది. పెద్దకొడుకు జాన్ 1995లో పన్నెండేళ్ళ వయసులో సైకిల్ మీద ఇంటికొస్తూ ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాత పిల్లవాడి టీచర్ ఒక సంగతి చెప్పింది. ఒకరోజు క్లాసులో క్రీస్తు పుట్టుక కథ చదువుతోంది. మరియ, యోసేపు బీదగా బతికారని ఉంది. జాన్ చెయ్యెత్తి అడిగాడట: బిడ్డని చూడ్డానికొచ్చిన జ్ఞానులు బంగారం తెచ్చి ఇచ్చారు కదా, దాన్ని ఏం చేశారు? అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న అడిగిన పిల్లాడు ఇంకొకడు లేడని ఆమె అంది. మంచి విలేకరి అడగాల్సింది అలాంటి ప్రశ్నే అని వాల్ష్‌కి అనిపించింది.

సరే, అడిగాడు. సమాధానం చెప్పినవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు ముఖ్యం. ఎమ్మా ఓరైలీ ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టులో మసాజ్ చేసేది. 1999లో ఆర్మ్‌స్ట్రాంగ్ పరీక్షలో కార్టిజోన్ అనే స్టెరాయిడ్ జాతి మందు జాడ బయటపడినప్పుడు, చర్మానికి రాసుకునే క్రీమ్ అని చెప్పి పాత తేదీతో ప్రిస్క్రిప్షన్ పుట్టించారని చెప్పింది. బెట్సీ ఆండ్రూ ఒకప్పటి జట్టు సభ్యుడి భార్య. 1996లో ఆసుపత్రి గదిలో ఆర్మ్‌స్ట్రాంగ్ తాను వాడిన డోపింగ్ మందుల పేర్లు డాక్టర్లకు చెబుతుంటే విన్నానంది. ఇవన్నీ కలిపి ఫ్రెంచ్ విలేకరి పియర్ బాలెస్టర్‌తో వాల్ష్ 2004లో పుస్తకం రాశాడు. అది ఫ్రెంచ్‌లోనే వచ్చింది. ఇంగ్లండ్ పరువునష్టం చట్టంలో, రాసింది నిజమని రుజువు చేసే బరువు రాసినవాడిదే. అక్కడ అచ్చు వేయడానికి ఎవరూ ముందుకు రాలేదు.

పుస్తకంలోని విషయాలు ప్రస్తావిస్తూ వ్యాసం వేసినందుకే 'సండే టైమ్స్' మీద ఆర్మ్‌స్ట్రాంగ్ కేసు వేశాడు. ఆ వ్యాసం అనుమానం వ్యక్తం చెయ్యడం కాదు, మోసగాడు అని చెప్పడమే అవుతుందని జడ్జి తేల్చాడు. ఇక వాదించి లాభం లేక పత్రిక 2006లో రాజీపడి 3 లక్షల పౌండ్లు కట్టింది. ఎమ్మా మీద కూడా కేసు వేశారు. వాల్ష్‌ని ఆర్మ్‌స్ట్రాంగ్ 'మరుగుజ్జు భూతం' అనే అర్థం వచ్చేలా ట్రోల్ అని తిట్టేవాడు. ఎమ్మాకి వాల్ష్ కొంత డబ్బు ఇచ్చాడన్నది కూడా వివాదమైంది. ఆమె వెచ్చించిన సమయానికి అని సమర్థించుకోవచ్చు. కానీ ఎదుటివాడి లాయరు చేతికి అలాంటి సాకు ఇవ్వకుండా ఉండాల్సిందనే నా అభిప్రాయం.

నాకు బాగా గుర్తుండిపోయిన సంఘటన 2004 టూర్‌లోది. అక్కడ విలేకరులు రోజూ వందల కిలోమీటర్లు తిరగాలి కాబట్టి నలుగురు కలిసి ఒక కారులో వెళ్తారు. ఆ ఏడాది వాల్ష్‌ని, నువ్వు మాతో రావద్దు అన్నారు. నువ్వు మా కారులో ఉన్నట్టు తెలిస్తే ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టు మాతో మాట్లాడదు అన్నారు. చెడ్డవాళ్ళు కారు, పాత స్నేహితులు. ఇంటర్వ్యూ దొరక్కపోతే ఆఫీసులో వాళ్ళకి టెన్షన్. ఆటల విలేకరికి తిండి పెట్టేది ఆటగాడిచ్చే రెండు మాటలు. ఆ రెండు మాటలు ఎవరికివ్వాలో ఆటగాడి చేతిలో ఉన్నంతకాలం నోరు నొక్కడానికి బెదిరింపులు కూడా అక్కర్లేదు, ఫోన్ ఎత్తకపోతే చాలు.

కథ తిరిగిన చోటు కూడా పత్రికలు కాదు, ఆటగాడు గెలిస్తే ఇవ్వాల్సిన బోనస్‌కి బీమా చేసే ఒక కంపెనీ. టెక్సస్‌లోని ఎస్‌సీఏ ప్రమోషన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిస్తే 50 లక్షల డాలర్ల బోనస్ చెల్లించాలి. ఆ ఫ్రెంచ్ పుస్తకం సంగతి తెలిసి చెల్లింపు ఆపేసింది. ఆ పంచాయితీలో కంపెనీ ఓడినట్టే లెక్క, 2006లో 75 లక్షలు ఇచ్చి బయటపడింది. కానీ ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యాలు కాగితం మీద మిగిలాయి. 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ 26 మంది సాక్షులతో నివేదిక బయటపెట్టింది, ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్ టైటిళ్ళూ పోయాయి. 2013 జనవరిలో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ఇంటర్వ్యూ చేసే ముందు, ఆమె అడగాల్సిన పది ప్రశ్నలను 'సండే టైమ్స్' షికాగో పత్రికలో పూర్తి పేజీ ప్రకటనగా వేయించింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒప్పుకున్నాడు. కట్టిన డబ్బు కోసం పత్రిక తిరిగి దావా వేస్తే, అదే ఏడాది రాజీ కుదిరింది.

ఇక్కడితో ఆపేస్తే వాల్ష్‌కి పూలదండ వేసి పంపించొచ్చు. కానీ అదే 2013లో ఆయన బ్రిటన్ జట్టు 'టీమ్ స్కై'తో కలిసి ఉండి, లోపలి నుంచి చూసి, వీళ్ళు మందులు వాడట్లేదని నమ్ముతూ పుస్తకం రాశాడు. పాల్ కిమ్మేజ్ అని ఆయన పాత మిత్రుడు, ఒకప్పటి సైక్లిస్టు, డోపింగ్ గురించి 1990లోనే పుస్తకం రాసినవాడు. వాల్ష్ చేసింది అతనికి అస్సలు నచ్చలేదు, బహిరంగంగానే విమర్శించాడు. 2016లో హ్యాకర్లు బయటపెట్టిన పత్రాల్లో, స్కై జట్టు సైక్లిస్టు బ్రాడ్లీ విగ్గిన్స్ పెద్ద పందేల ముందు వైద్య మినహాయింపుతో (జబ్బు ఉందని నిషిద్ధ మందుకి ఇచ్చే అనుమతితో) ట్రయామ్‌సినొలోన్ అనే కార్టిజోన్ జాతి ఇంజెక్షన్లు తీసుకున్నట్టు తేలింది. 1999లో ఆర్మ్‌స్ట్రాంగ్ పరీక్షలో కనిపించిన మందు కూడా అదే! నిబంధన దాటలేదు, తప్పు చెయ్యలేదని విగ్గిన్స్ అన్నాడు. బ్రిటన్ పార్లమెంటు కమిటీ మాత్రం 2018లో, జట్టు నైతికంగా గీత దాటిందని రాసింది. వాల్ష్ కూడా విగ్గిన్స్ వ్యవహారం బాగా లేదని తన పత్రికలోనే రాశాడు.

ఈ విషయంలో నేను కిమ్మేజ్ వైపే. ఒక జట్టు తలుపు తీసి భోజనానికి కూర్చోబెడితే, అన్నీ చూపిస్తున్నారనిపిస్తుంది. ఏ గది తాళం తియ్యలేదో తెలియాలంటే ఆ ఇంట్లో అతిథిగా ఉండకూడదు. అయితే వాల్ష్‌ని సమర్థించేవాళ్ళకీ ఒక వాదన ఉంది: ఎవర్నీ ఎప్పటికీ నమ్మనివాడు విలేకరి కాడు, ఇక వాడి అనుమానానికి కూడా విలువుండదు అని. మీలో సైక్లింగ్ ఫాలో అయ్యేవాళ్ళు ఉంటే ఇప్పుడు మీ మాట వినాలనుంది.