ఫోన్ మెయిల్ కింద ఎవరి నంబరు?

(పలాస-కాశీబుగ్గలో మా మామయ్య జీడిపప్పు కొట్టులో రికార్డు చేశాం. మధ్యలో డబ్బాల చప్పుడు వినిపిస్తుంది, సర్దుకోండి.)

నేను: మామయ్యా, నిన్న మీరు పంపిన రేట్ల మెయిల్ కింద పాత కొట్టు అడ్రసు ఉందేంటి?

మామయ్య: ఏటీ? కొట్టు మారినప్పుడే బావ కంప్యూటర్‌లో అన్నీ మార్చేశాడు కదమ్మా!

నేను: అది కంప్యూటర్‌లో. ఫోన్‌లో జీమెయిల్ యాప్‌కి మీరు ఎప్పుడో వేరే సిగ్నేచర్, అంటే మెయిల్ కింద దానంతటదే వచ్చే పేరూ అడ్రసూ, పెట్టుకున్నారు. అక్కడ మార్చింది ఇక్కడికి రాదు.

మామయ్య: అయితే పాత నంబరు కూడా...

నేను: అదే ఉంది. ఆ సిమ్ ఇప్పుడు అత్తయ్య ఫోన్‌లో ఉంది కదా?

మామయ్య: ఓరి నాయనో! అందుకా, కలకత్తా నుంచి ఎవరో హిందీలో ఫోన్ చేస్తున్నారని రోజూ తిడుతోంది!

నేను: (నవ్వు) ఇలా ఇవ్వండి. యాప్‌లో పైన మూడు గీతలు, అడుగున సెట్టింగ్స్, మీ మెయిల్ ఐడీ, అందులో మొబైల్ సిగ్నేచర్. పాతది తీసేస్తున్నాను. ఇప్పుడు మీరు చెప్పండి.

మామయ్య: కొట్టు బొమ్మ, జీడిపండు బొమ్మ...

నేను: బొమ్మలు పట్టవు, ఇందులో ఉత్త అక్షరాలే. పట్టకపోవడమే మంచిది.

మామయ్య: నిజమేలే. ఇదివరకు కంప్యూటర్‌లో లోగో పెడితే, మెయిల్‌కి ఫైలు తగిలించినట్టు కనిపించిందట ఒకాయనకి. డబ్ల్యూ 320 రేట్ల కాగితం అనుకుని తెరిస్తే జీడిపండు! ఆ బేరం అక్కడితో సరి.

నేను: వినేవాళ్ల కోసం, 320 అంటే?

మామయ్య: పౌండుకి 300 నుంచి 320 పప్పులు తూగే గుండు, అంటే విరగని పప్పు. అంకె పెరిగితే పప్పు చిన్నది.

నేను: సరే. పేరు, కొట్టు పేరు, పలాస, నంబరు. నాలుగు లైన్లు చాలు. పదిసార్లు జవాబులు రాసుకుంటే పది సిగ్నేచర్లు కింద పేరుకుపోతాయి, అసలు రేటు వెతుక్కోవాలి. నంబరు ముందు ప్లస్ 91 పెట్టండి. అవతలివాళ్ల ఫోన్‌లో చాలావరకు వేలితో నొక్కితే కాల్ వెళ్లిపోతుంది. బొమ్మలో నంబరు ఉంటే ఆ సుఖం లేదు.

మామయ్య: నీ మెయిల్ కింద మాత్రం ఇంగ్లీషులో ఏదో ఫోన్ పేరు ఉంటుంది, షోకా?

నేను: ‘సెంట్ ఫ్రమ్ మై ఐఫోన్’. అది కంపెనీవాళ్లే పెట్టి ఇస్తారు. ఫోన్‌లో రాశాను, అచ్చు తప్పులుంటే ఏమీ అనుకోకండి అన్నట్టు పనికొస్తుందని ఉంచేశాను.

మామయ్య: నేను 910కి 810 కొడితే ఆ లైను చూసి ఒప్పుకుంటారా? కిలోకి వంద పోతుంది!

నేను: (నవ్వు) సరే, నాదీ తీసేస్తాను. ఇదిగో, నాకే ఒక మెయిల్ కొట్టండి. వచ్చింది. నంబరు నొక్కుతున్నాను...

(మామయ్య జేబులో ఫోన్ మోగింది.)

మామయ్య: హమ్మయ్య. ఇదిగోనే, ఇకమీదట నీకు ఆ హిందీ ఫోన్లు రావు!

అత్తయ్య: (లోపలి నుంచి) అప్పుడే మార్చేశారా? నిన్ననే ఆయన పది డబ్బాలు చెప్పాడు, రేటు కూడా నేనే ఒప్పించాను!