డైనో మీద మలుపులు ఉండవు! టూరింగ్ కారు ఇంజిన్లను నిజంగా చంపుతున్నది ఇదే

నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తున్నాను. టూరింగ్ కార్ రేసింగ్ కోసం, అంటే మామూలుగా అమ్మే కార్లను మార్చి నడిపే రేసుల కోసం, కట్టిన ఇంజిన్ గురించి ఎవరైనా మీకు మొట్టమొదట గరిష్ఠ హార్స్‌పవర్ అంకె చెప్పారంటే, ఆ ఇంజిన్ గురించి వాళ్లు ఇంకా ఏమీ చెప్పనట్టే. ఇంజిన్ కట్టేవాళ్లు చెప్పే అంకెలన్నిటిలోకి పనికిరాని అంకె అదే. ఈ మాట కొందరికి నచ్చదు. నచ్చకపోయినా వీడియో చివరిదాకా ఇదే అంటాను.

ఇప్పుడు నడుస్తున్న గొడవ మీకు తెలిసిందే. మామూలు కారులోంచి తీసిన రెండు లీటర్ల ఇంజిన్లను రేసుకు సిద్ధం చేసేవాళ్లు పోటీపడి డైనో కాగితాలు బయటపెడుతున్నారు. మాది ఇంత, మాది అంతకంటే ఎక్కువ. చూసేవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. ఇంకా పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) వేయాల్సిందని ఒకరు, కంప్రెషన్ చాలదని ఇంకొకరు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు లేకుండా అదేం రేసు ఇంజిన్ అని మరొకరు. ఇన్ని వేల మాటల్లో ఆయిల్ ప్రెషర్ గ్రాఫు చూపించమని ఎవరు అడిగారు? నాకు ఒళ్లు మండేది అక్కడే!

డైనో అంటే ఏమిటి? ఇంజిన్‌ను స్టాండుకు బిగించి, దాని మీద భారం పెట్టి, ఎంత టార్క్ ఇస్తుందో కొలిచే యంత్రం. అక్కడ ఇంజిన్ కదలదు. బ్రేకు పడదు. కెర్బ్ (ట్రాక్ అంచు దిమ్మ) మీదికి ఎక్కదు. మలుపు తిరగదు. డైనో మీద మలుపులు ఉండవు! టూరింగ్ కారు బతుకంతా మలుపుల్లోనే ఉంది. సంపులో, అంటే ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో, ఆయిల్ కదలకుండా పడుకుని ఉన్నప్పుడు తీసిన అంకెను పట్టుకుని, అదే సంపు అటూ ఇటూ ఊగే రేసు గురించి ఎలా మాట్లాడతారు?

లెక్క చూడండి. మలుపులో కారు మీద పక్కకు ఒక జీ బలం పడితే సంపులో ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. ఒకటిన్నర జీ అయితే దాదాపు 56 డిగ్రీలు. నిండు చెంబు పట్టుకుని బస్సులో నిలబడ్డవాళ్లకు మలుపులో ఏం జరుగుతుందో తెలుసు. ఆయిల్ అంతా సంపులో ఒక పక్క గోడ ఎక్కేస్తుంది. పంపు ఆయిల్ లాగే గొట్టం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ క్షణంలో దాని నోటికి అందేది గాలి.

పైగా ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర పంపు హెడ్‌లోకి, అంటే సిలిండర్ల మీద కూర్చునే పైభాగంలోకి, తోసిన ఆయిల్ అంత తొందరగా కిందికి దిగిరాదు. కంపెనీ వాళ్లు ఆయిల్ దిగే దారులను రోడ్డు మీద నడిచే కారు కోసం పోశారు, గంటసేపు రెడ్‌లైన్ దగ్గర తిరిగే కారు కోసం కాదు. అంటే పైన ఆయిల్ నిలిచిపోయింది, కింద ఉన్న కొంచెం పక్కకు పోయింది. పొడవైన మలుపు. డ్రైవరు యాక్సిలరేటర్ వదలడు, వదలకూడదు కూడా. సరిగ్గా అప్పుడు ప్రెషర్ పడిపోతుంది.

పడిపోతే ఏమవుతుంది? పిస్టన్‌ను క్రాంక్‌కు (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) కలిపే రాడ్ కింది కొసన ఉండే బిగ్ ఎండ్ బేరింగుకూ, అది పట్టుకునే క్రాంక్ జర్నల్‌కూ మధ్య వదిలే సందు, పాత మేస్త్రీల లెక్క ప్రకారం, జర్నల్ వ్యాసంలో సుమారు వెయ్యో వంతు. 48 మిల్లీమీటర్ల జర్నల్‌కు ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. లోహాన్ని లోహం తాకకుండా ఆపుతున్నది ఆ సందులోని ఆయిల్ పొర ఒక్కటే. దాని మీద ఎంత భారం పడుతుందో కూడా చూద్దాం. నిస్సాన్ ఎస్‌ఆర్20, టయోటా 3ఎస్, హోండా కే20, ఓపెల్ సీ20ఎక్స్‌ఈ, ఈ నాలుగు ఇంజిన్లనూ వేర్వేరు కంపెనీలు గీశాయి. నాలుగింటికీ బోర్ (సిలిండర్ వ్యాసం) 86 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 86 మిల్లీమీటర్లు. 1998 సీసీ. ఇలాంటి ఇంజిన్‌ను 8500 ఆర్‌పీఎం దగ్గర తిప్పితే పిస్టన్ సగటు వేగం సెకనుకు 24 మీటర్లు దాటుతుంది. సిలిండర్ పైకొసన ఆగి వెనక్కి తిరిగే క్షణంలో పిస్టన్ తన బరువుకు సుమారు నాలుగున్నర వేల రెట్ల బలంతో రాడ్‌ను పైకి లాగుతుంది. నాలుగున్నర వేల రెట్లు! ఇంత బలం మోసే చోట ఒక్క క్షణం ఆయిల్ బదులు గాలి పోతే బేరింగ్ తెల్లబోయి చూస్తూ కూర్చోదు. కాలుతుంది, పట్టేస్తుంది, రాడ్ విరుగుతుంది, బ్లాకుకు కన్నం పడుతుంది.

తర్వాత వినిపించే మాట ఏమిటో తెలుసా? "కంపెనీ రాడ్ నాసిరకం, తట్టుకోలేదు." చాలాసార్లు ఆ రాడ్ తప్పేమీ లేదు. దానికి ఆయిల్ అందలేదు. హత్య సంపులో జరిగితే నేరం రాడ్ మీద వేస్తున్నారు. మళ్లీ ఖరీదైన రాడ్లు కొంటారు, అదే సంపు బిగిస్తారు, అదే మలుపులో అదే బేరింగ్ పోతుంది. ఎన్ని మంచి ఇంజిన్లు ఇలా పోయాయో!

ఆర్‌పీఎం పెంచితే సరిపోతుందనే వాళ్లకు ఇంకొక అంకె. 7000 నుంచి 8500కు వెళితే తిరిగే వేగం 21 శాతం పెరుగుతుంది. రాడ్ మీద, దాని బోల్టుల మీద పడే లాగుడు 47 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. డైనో కాగితం మీద ఆ చివరి కొండ కొమ్ము కోసం మీరు చెల్లించే మూల్యం అది. రేసులో డ్రైవరు ఆ కొమ్ము దగ్గర ఎంతసేపు ఉంటాడు? గేరు మార్చే ముందు రెప్పపాటు. మిగతా ల్యాప్ అంతా దాని కిందే ఉంటాడు. రెండు గేర్ల మధ్య ఆర్‌పీఎం ఎక్కడికి పడుతుందో, అక్కడి నుంచి ఇంజిన్ ఎంత గట్టిగా లాగుతుందో అదే ల్యాప్ టైమును నిర్ణయిస్తుంది.

చరిత్ర కూడా నా వైపే ఉంది. సూపర్ టూరింగ్ రోజులు గుర్తున్నాయి కదా, 1990ల నాటి బ్రిటిష్ ఛాంపియన్‌షిప్? రెండు లీటర్లు, టర్బో లేదు, 8500 ఆర్‌పీఎం దగ్గర తాళం. అందరి ఇంజిన్లూ 300 హార్స్‌పవర్ చుట్టుపక్కలకే చేరాయి. మరి అంత డబ్బు ఎక్కడికి పోయింది? ఇంజిన్‌ను బేలో వీలైనంత కిందికి, వీలైనంత వెనక్కి దించడానికి పోయింది. అది సాధ్యమైంది డ్రై సంపు వల్ల. ఆయిల్‌ను సంపులో నిల్వ ఉంచకుండా వేరే పంపులతో లాగేసి ట్యాంకులో దాస్తారు, కాబట్టి సంపు పళ్లెంలా పల్చబడుతుంది, క్రాంక్ నేలకు దగ్గరవుతుంది. ఒక్క ఆయిల్ వ్యవస్థ మార్పుతో బేరింగుకు ప్రాణం, కారుకు మలుపులో పట్టు. ఏ క్యామ్ షాఫ్ట్ ఇస్తుంది ఈ రెండూ?

ఇక్కడే నా సిద్ధాంతం చెబుతాను. గొప్ప టూరింగ్ కారు ఇంజిన్లన్నీ కింది నుంచి పైకి కట్టినవే. ముందు బ్లాకు, తర్వాతే హెడ్.

బీఎండబ్ల్యూ ఎం3 తీసుకోండి. రేసులో దిగాలంటే, గ్రూప్ ఏ అనే తరగతి నియమం ప్రకారం పన్నెండు నెలల్లో 5000 కార్లు తయారు చేయాలి. బీఎండబ్ల్యూ ఇంజిన్ల ఇంజినీరు పాల్ రోషె బృందం ఎక్కడ మొదలుపెట్టింది? 1960ల నుంచి మామూలు కార్లలో తిరుగుతున్న ఎం10 పోత ఇనుము బ్లాకు దగ్గర. ఎందుకంటే దాని కింది భాగం ఎంత గట్టిదో వాళ్లకు తెలుసు. 1983లో నెల్సన్ పికే ఫార్ములా వన్ గెలిచిన టర్బో ఇంజిన్ కూడా ఆ వంశానిదే. ఆరు సిలిండర్ల ఇంజిన్ హెడ్ తెచ్చి, రెండు దహన గదులు కోసేసి, తెగిన చోట పలక వేసి వెల్డింగ్ చేసి నమూనా సిద్ధం చేశారు. హెడ్‌ను కోశారు, బ్లాకును నమ్మారు. అలా పుట్టిన ఎస్14 ఇంజిన్ పరిమాణం 2302 సీసీ.

1987లో ఆ ఎం3తో ఎరిక్ వాన్ డి పోల్ జర్మన్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఎన్ని రేసులు గెలిచి? ఒక్కటి కూడా గెలవకుండా! సీజన్ అంతా నిలబడి, పాయింట్లు పోగుచేసి టైటిల్ తీసుకెళ్లాడు. గరిష్ఠ పవర్ భక్తులు ఈ ఒక్క ఫలితం ముందు కాసేపు కూర్చుని ఆలోచించాలి.

"మరి ఫోర్డ్ సియెర్రా ఆర్‌ఎస్500 సంగతేమిటి? రేసులో 500 హార్స్‌పవర్ దాటింది, 1988లో క్లాస్ లుడ్విగ్ జర్మనీలో గెలిచాడు కదా" అంటారు. గెలిచాడు, కాదనను. కానీ రేసు అర్హత కోసం కట్టిన ఆ 500 కార్లలో ఫోర్డ్, ఇంజిన్ కంపెనీ కాస్‌వర్త్ ఏం మార్చాయో చదవండి. పెద్ద టర్బో, పెద్ద ఇంటర్‌కూలర్, రోడ్డు కారులో పనిచేయకుండా ఊరికే అమర్చి ఉంచిన రెండో వరుస ఇంజెక్టర్లు, ఇవన్నీ అందరూ చెబుతారు. అదే జాబితాలో మందమైన సిలిండర్ గోడలున్న బ్లాకు ఉంది. మెరుగుపరచిన ఆయిల్, కూలింగ్ వ్యవస్థలు ఉన్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అవి డైనో కాగితం మీద కనిపించవు. అవి లేకుండా ఆ టర్బోను ఏ బ్లాకు మోస్తుంది?

ఓపెల్ కాలిబ్రా కథ ఇంకా బాగుంటుంది. సొంత వీ6 ఉంది, సిలిండర్ వరుసల మధ్య కోణం 54 డిగ్రీలు. రేసు కోసం దాన్ని పక్కన పెట్టి, ఇసుజు నుంచి వచ్చిన 75 డిగ్రీల వీ6ను ఆధారంగా తీసుకున్నారు. ఏ బండిదో తెలుసా? ఓపెల్ మాంటెరే పేరుతో అమ్మిన ఎత్తైన ఎస్‌యూవీది! నియమాలకు కావలసింది ప్రొడక్షన్ ఇంజిన్, అది ప్రొడక్షన్ ఇంజినే. వరుసలు విశాలంగా విచ్చుకుంటే ఇంజిన్ బరువు కిందికి దిగుతుంది. 1996లో మాన్యుయెల్ రాయిటర్ ఆ కాలిబ్రాతోనే అంతర్జాతీయ టూరింగ్ కార్ టైటిల్ గెలిచాడు. వాళ్లు మొదట ఎంచుకున్నది బ్లాకు. అంత తెలివైన ఇంజినీర్లు అక్కడ మొదలుపెడితే మనవాళ్లు క్యామ్ కేటలాగు దగ్గర మొదలుపెడుతున్నారు.

ఇక ఇప్పటి టూరింగ్ కారు తరగతి టీసీఆర్. 2015లో మొదలైంది. రెండు లీటర్ల టర్బో, దాదాపు 350 హార్స్‌పవర్, పైన బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్. అంటే ఎవరి కారు మరీ ముందుకు పోతే వాళ్ల బరువో, బూస్టో, నేల నుంచి ఎత్తో సర్దేస్తారు. మీరు కష్టపడి తెచ్చిన గరిష్ఠ పవర్‌ను ఒక ప్రకటనతో వెనక్కి తీసుకోగలరు. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ పలికే తీరును, చివరి ల్యాప్‌లో కూడా నిలిచి ఉన్న ఆయిల్ ప్రెషర్‌ను ఎవరూ అంత సులువుగా లాక్కోలేరు.

మరి ఎలా కట్టాలి? ముందు బ్లాకులో పగుళ్లు వెతకండి, సిలిండర్ గోడ మందం కొలవండి. బోర్ హోనింగ్ (లోపలి గోడను రాపిడితో సరిచేయడం) చేసేటప్పుడు టార్క్ ప్లేట్ (హెడ్ బదులు బిగించే మందమైన పలక) తప్పకుండా బిగించండి. హెడ్ బోల్టులు బిగిస్తే బోర్ ఆకారం కొద్దిగా మారుతుంది. ఖాళీ బ్లాకులో గుండ్రంగా కోసిన బోర్ హెడ్ ఎక్కాక గుండ్రంగా ఉండదు, రింగులు సీలు పట్టవు. పిస్టన్లు, రాడ్లు బరువు సరిచూడండి. రాడ్ బోల్టులు కొత్తవి వేయండి, పాతవి మళ్లీ బిగించకండి. అన్నిటికంటే ముఖ్యంగా సంపు విప్పి చూడండి. అడ్డుగోడలు పెట్టండి, ఆయిల్‌ను పికప్ (పంపు ఆయిల్ లాగే గొట్టం) వైపు రానిచ్చి వెనక్కి పోనివ్వని తలుపులు పెట్టండి, క్రాంక్ కింద విండేజ్ ట్రే (తిరిగే క్రాంక్‌నూ ఆయిల్‌నూ వేరుచేసే పళ్లెం) పెట్టండి, హెడ్ నుంచి ఆయిల్ దిగే దారులు శుభ్రం చేయండి. నియమాలు ఒప్పుకుంటే డ్రై సంపు వేయండి. ఇవన్నీ అయ్యాకే పోర్టులు, క్యామ్ గురించి ఆలోచించండి.

ఇంజిన్ కట్టేవాళ్లందరినీ ఇప్పుడే అడుగుతున్నాను. డైనో కాగితం వద్దు. ఒక పూర్తి ల్యాప్ డేటా పెట్టండి. పైన పక్క బలం గీత, కింద ఆయిల్ ప్రెషర్ గీత, ఒకే కాలరేఖ మీద. అత్యంత పొడవైన మలుపు మధ్యలో రెండో గీత ఎక్కడుందో చూపించండి. చూసేవాళ్లు కూడా ప్రతి డైనో వీడియో కింద ఇదే అడగండి. ఆ గ్రాఫు ధైర్యంగా బయటపెట్టిన మొదటి ఇంజిన్ మీద, దాని పవర్ ఎంతైనా సరే, వచ్చే వీడియో మొత్తం చేస్తాను.