గోదావరి ఒండ్రు సముద్రం అడుగున ఏం దాచింది? పరిశోధన నౌక మీద మట్టి తీసే పని

[దృశ్యం: వానకాలం. ఏటూరునాగారం దగ్గర నిండుగా పారుతున్న గోదావరి.]

ఆగస్టులో వరద వచ్చినప్పుడు ఏటూరునాగారం దగ్గర గోదావరి చిక్కటి టీ రంగులో పారుతుంది. ఆ రంగంతా మట్టిదే. మంజీర తెచ్చింది, ప్రాణహిత తెచ్చింది, ఇంద్రావతి తెచ్చింది. రామప్ప, లక్నవరం మత్తడి దూకిన నీళ్లు కూడా వాగుల్లో పడి అందులోనే కలుస్తాయి. ఇసుక చాలావరకు దారిలోనే ఆగుతుంది. సన్నటి ఒండ్రు మాత్రం బంగాళాఖాతం దాకా పోయి, నెమ్మదిగా అడుగుకు దిగుతుంది. ఏటి మీద ఏడు, పొర మీద పొర. ఇప్పుడు డ్యాముల వెనక చాలా ఒండ్రు ఆగిపోతోంది గానీ, వేల ఏళ్ల పాటు ఆ పని ఆగకుండా సాగింది.

సముద్రం అడుగున గొట్టం గుచ్చి, ఆ పొరలు చెదరకుండా పైకి తేవడమే ఈ వీడియోలో విషయం. గొట్టంలో వచ్చే ఆ మట్టి స్తంభాన్నే కోర్ అంటారు.

[దృశ్యం: నౌక వెనుక డెక్. ఏ-ఫ్రేమ్, వించ్, ఉక్కు తాడు.]

ముందు చోటు చూసుకోవాలి. ఎక్కడపడితే అక్కడ పైపు దింపితే లాభం లేదు. నౌక అడుగు నుంచి సుమారు 3.5 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని కిందికి పంపుతారు. అది సముద్రం అడుగున ఉన్న మట్టిలోకి కూడా కొంత దిగి, పొరల నుంచి తిరిగి వస్తుంది. తెర మీద గీతలు ఒకదాని కింద ఒకటి సాఫీగా కనిపిస్తే మంచి చోటు. గీతలు చిందరవందరగా ఉంటే అక్కడ వాలు మీది మట్టి ఎప్పుడో జారిపడిందన్నమాట. పాతది పైన, కొత్తది కింద ఉండొచ్చు. అలాంటి కోర్ తెచ్చి తేదీలు కట్టినా తప్పే వస్తుంది.

ఇక కోర్ తీసే గ్రావిటీ కోరర్. చూడటానికి సాదా పనిముట్టు. పైన అర టన్ను నుంచి టన్ను దాకా బరువు. దాని కింద మూడు నుంచి ఆరు మీటర్ల ఉక్కు గొట్టం. దాని లోపల ఇంకో పీవీసీ గొట్టం, అదే లైనర్. మట్టి అందులోకే ఎక్కుతుంది. కింద కోసుగా ఉండే కట్టర్, దాని మీద కోర్ క్యాచర్. ఈ క్యాచర్ చుట్టూ పల్చటి స్టీలు రేకులు వేళ్లలా లోపలికి వంగి ఉంటాయి. మట్టి లోపలికి ఎక్కేటప్పుడు తెరుచుకుంటాయి, జారబోతే మూసుకుంటాయి. ఒక్క రేకు విరిగినా గంటల పని వృథా అయి, ఖాళీ గొట్టం పైకి వస్తుంది. అందుకే ప్రతిసారీ దింపే ముందు రేకులను వేలితో నొక్కి చూడాలి.

[దృశ్యం: కోరర్ నీళ్లలోకి దిగుతోంది. పక్కన తాడు పొడవు చూపే మీటరు.]

తాడు నిమిషానికి సుమారు 60 మీటర్ల చొప్పున వదులుతారు. 3,000 మీటర్ల లోతుకు 50 నిమిషాలు. అడుగుకు 50 నుంచి 100 మీటర్ల పైన ఆపి, రెండు మూడు నిమిషాలు ఊగిసలాట తగ్గనిస్తారు. తర్వాత ఆపకుండా వదులుతారు. బరువు తన జోరుతో మట్టిలో దిగబడుతుంది.

దిగబడిందని డెక్ మీదున్న వాళ్లకు ఎట్లా తెలుస్తుంది? తాడు మీద బరువు తగ్గాలి. చిక్కు ఇక్కడే ఉంది. 18 మిల్లీమీటర్ల ఉక్కు తాడు మీటరుకు కిలోకు పైనే తూగుతుంది. 3,000 మీటర్లు వదిలితే నీళ్లలో కూడా తాడు బరువే మూడు టన్నులు. అంత బరువు మధ్య, నౌక అలల మీద లేచి పడుతుంటే, కోరర్ తాలూకు టన్ను తగ్గిందో లేదో మీటరు చూసి పట్టుకోవడం కష్టం. అందుకని కోరర్‌కు 50 మీటర్ల పైన తాడుకు పింగర్ కడతారు, అంటే ఆగి ఆగి శబ్దం చేసే పరికరం. దాని శబ్దం నేరుగా ఒకసారి, అడుగున తగిలి ఇంకోసారి నౌకకు వస్తుంది. రెండింటి మధ్య తేడా తగ్గుతున్న కొద్దీ అడుగు దగ్గరవుతున్నట్టు లెక్క.

తాకిన తర్వాత కూడా తాడు వదులుతూ పోతే అది అడుగున చుట్టలు పడుతుంది. లాగినప్పుడు ఆ చుట్ట బిగిసి మెలిక పడుతుంది. మెలిక పడ్డ తాడును మళ్లీ నమ్మొద్దు. ఆ భాగం కోసి పారేయాల్సిందే. పైకి లాగేటప్పుడు తొందర అసలే పనికిరాదు. మట్టి గొట్టాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి నిమిషానికి పది మీటర్ల చొప్పున మెల్లగా లాగాలి. తాడు బిగువు ఒక్కసారిగా పెరిగి, మట్టి నుంచి గొట్టం ఊడగానే తగ్గిపోతుంది. బొగ్గు బాయిలో పనిచేసిన వాళ్లకు ఇది కొత్త కాదు. బొగ్గు తొట్లను లాగే హాలేజీ తాడు బిగిసి ఉన్నప్పుడు దాని వరుసలో ఎవరూ నిలబడరు. డెక్ మీద కూడా అదే నియమం. తెగిన తాడు ఎటు కొడుతుందో చూసి తప్పుకునే టైం ఉండదు.

గొట్టం వంగి వచ్చిందంటే అడుగున గట్టి ఇసుక పొర తగిలి ఉంటుంది, లేదా నౌక పక్కకు జరిగి ఉంటుంది. బరువు మీద కూడా మట్టి అంటి వస్తే కోరర్ మరీ లోతుకు దిగినట్టే. పై పొర గొట్టంలోకి రాకుండా పోయి ఉంటుంది. మామూలుగా దిగినా సరే, బరువు ముందు తోసుకొచ్చే నీళ్లకు పైనున్న మెత్తటి మట్టి కొంత కొట్టుకుపోతుంది. కాబట్టి ఇటీవలి ఏళ్ల పొరలు కావాలంటే మల్టీకోరర్‌ను విడిగా దింపాలి. దాని చిన్న గొట్టాలు మెల్లగా దిగి, మట్టితో పాటు పైనున్న నీళ్లను కూడా పట్టుకొస్తాయి. గొట్టంలో నీళ్లు తేటగా ఉంటే పని బాగా జరిగినట్టు.

[దృశ్యం: రామప్ప గుడి. తర్వాత నీళ్ల గిన్నెలో తేలుతున్న తేలిక ఇటుక.]

లోతులో అంత ఒత్తిడి ఉన్నా మట్టి ఎందుకు నలిగిపోదు? రామప్ప గోపురానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుందని మనకు తెలుసు. దాని రంధ్రాల్లో ఉన్న గాలి వల్ల. ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. గాలి ఉన్న వస్తువును 1,000 మీటర్ల కిందికి పంపితే దాని మీద పైకన్నా వంద రెట్ల ఒత్తిడి పడుతుంది. థర్మోకోల్ కప్పు చిట్టి గిన్నెలా కుంచించుకుపోయి వస్తుంది. సముద్రపు మట్టి రంధ్రాల్లో గాలి లేదు, నీళ్లే ఉన్నాయి. నీళ్లు దాదాపు కుంచించుకోవు కాబట్టి పొరలు అట్లాగే ఉంటాయి.

అయితే కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఇంకో గొడవ ఉంది. అక్కడి మట్టిలో మీథేన్ గ్యాస్ నీళ్లతో కలిసి మంచులా గడ్డకట్టి ఉంటుంది. ఆ గడ్డల్నే హైడ్రేట్లు అంటారు. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక ఈ హైడ్రేట్ల కోసమే మన తీరానికి వచ్చింది. కోర్ పైకి వస్తున్న కొద్దీ ఒత్తిడి తగ్గి, వేడి పెరిగి, గడ్డ కరిగి గ్యాస్ అవుతుంది. లైనర్ లోపల మట్టి ఉబ్బి, అక్కడక్కడా తెగి, చివర నుంచి బయటికి తోసుకొస్తుంది. డెక్ మీదికి రాగానే లైనర్‌కు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి గ్యాస్ వదిలేయాలి. ఆ పని చేసేటప్పుడు ముఖం గొట్టం చివరకు ఎదురుగా పెట్టొద్దు.

[దృశ్యం: రాత్రి రెండు గంటలు. డెక్ లైట్లు. హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు.]

స్టేషన్‌కు, అంటే మట్టి తీయాల్సిన చోటుకు, నౌక ఎప్పుడు చేరితే అప్పుడే పని. అర్ధరాత్రయినా అంతే. సింగరేణిలో లాగే ఇక్కడా షిఫ్టులు, కాకపోతే ఇంటికి పోయేది లేదు. చాలా నౌకల్లో నాలుగు గంటలు వాచ్, ఎనిమిది గంటలు విరామం. ఆ విరామంలోనే నిద్ర, బట్టలు, లెక్కలు రాయడం. వంటగదిలో పొయ్యి చుట్టూ కడ్డీలుంటాయి, గిన్నెలు జారకుండా. రెండు వారాలు దాటితే ఆకుకూర కనిపించదు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, పప్పు, ఫ్రీజర్‌లో ఉన్నవి మిగులుతాయి. మొదటి రెండు మూడు రోజులు కడుపులో తిప్పుతుంది. ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా ఎక్కువవుతుంది. కొంచెం అన్నమో, ఉత్త బిస్కెట్టో తిని, దూరాన ఆకాశం నీళ్లు కలిసే గీత వైపు చూడాలి.

[దృశ్యం: ల్యాబ్‌లో లైనర్ కోస్తున్నారు.]

లైనర్‌ను మీటరు ముక్కలుగా కోసి, రెండు చివర్లా మూతలు పెట్టి, ఏది పైభాగమో బాణం గుర్తు వేయాలి. ఈ గుర్తు మరిచిపోతే తర్వాత ఎవరూ సరిచేయలేరు. ముక్కలను 4 డిగ్రీల దగ్గర ఉంచుతారు. గడ్డ కట్టనివ్వరు, మంచు ఉబ్బి పొరలను తోసేస్తుంది. తర్వాత నిలువునా రెండుగా చీల్చి ఒక సగం పరీక్షలకు వాడతారు, రెండో సగం దాచిపెడతారు.

2006 యాత్రలోనే గోదావరి మొగకు ఎదురుగా, 1,268 మీటర్ల లోతు నుంచి తీసిన కోర్ ఒకటుంది. ఆ మట్టిలో ఆకుల మీది మైనం దొరికింది. మన పొలాల్లో, అడవుల్లో రాలిన ఆకులదే, నది మోసుకెళ్లింది. చెట్లు, వరి ఒక తీరుగా కార్బన్‌ను తీసుకుంటాయి. జొన్న, ఎండకు తట్టుకునే గడ్డి ఇంకో తీరుగా తీసుకుంటాయి. ఆ తేడా మైనంలో మిగులుతుంది. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు కరువుకు ఓర్చుకునే మొక్కల వాటా పెరుగుతూ వచ్చిందని, తర్వాత కూడా అదే తీరు నిలిచిందని 2012లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. గోదావరి పరీవాహక ప్రాంతం ఎండుతూ వచ్చిన లెక్క అది. కాకతీయులు చెరువులు తవ్వించింది అలా ఎండిన నేల మీదే.

[దృశ్యం: రామప్ప చెరువు మత్తడి. నీళ్లు వాగులోకి దూకుతున్నాయి.]