ముక్కు దూలం ఆపరేషన్: అక్కతో కబుర్లు

నేను: ఆ, రికార్డింగ్ ఆన్ అయింది. ఈసారి మా అక్కని పట్టుకొచ్చా, ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య గోడ, వంకరగా ఉందని ఆపరేషన్ చేయించుకుంది, రిపోర్టుల్లో డీఎన్‌ఎస్ అని రాస్తారే, అది. అక్కా, ముందు అందరూ అడిగేదే అడుగుతా, నొప్పి ఎంత?

అక్క: నొప్పి అసలు పెద్ద విషయమే కాదురా, నాకు పారాసిటమాల్‌తోనే గడిచిపోయింది. చంపేసింది ఊపిరి ఆడకపోవడం. ఇంతకుముందు ఒక పక్కే మూసుకునేది, ఆపరేషన్ అయి లేచి చూస్తే రెండు పక్కలా సీల్. లోపల వాపు, గడ్డకట్టిన రక్తం, అది చాలక దూలానికి అటూ ఇటూ సిలికాన్ స్ప్లింట్లు, అంటే దూలం కదలకుండా పట్టి ఉంచే పల్చటి రేకులు, మామూలుగా ఓ వారం ఉంచుతారు. కొంతమందికి ప్యాకింగ్, అంటే రక్తం ఆగడానికి లోపల కుక్కేది, కూడా పెడతారు, అదైతే ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. ఈ వారంలోనే సగం మంది ఆపరేషన్ ఫెయిలయిందని ఏడుస్తారు.

నేను: మరి నిద్ర?

అక్క: నోటితోనే ఊపిరి. పొద్దున్నే లేస్తే నాలుక అట్టముక్క అయిపోయేది, పక్కనే నీళ్ళ బాటిల్, పెదాలకి వాజిలీన్. తల కింద రెండు మూడు దిళ్ళు, తల ఎత్తులో ఉంటే వాపు తగ్గుతుంది. ఇంకోటి, ముక్కు మూసుకుని గుటకేస్తే చెవులు టప్ టప్‌మంటాయి, ప్రతి ముద్దకీ.

నేను: ఆ పళ్ళ సంగతేంటో చెప్పు, ఫోన్‌లో తెగ భయపడ్డావుగా.

అక్క: పై ముందుపళ్ళు, వాటి వెనక అంగిలి తిమ్మిరెక్కినట్టుంటాయి. అక్కడికెళ్ళే నరం దూలం పక్కనుంచే పోతుంది, ఆపరేషన్‌లో దానికి కాస్త తగులుతుంది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది.

నేను: అమ్మ పథ్యం పెట్టిందా?

అక్క: అడక్కు. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ వద్దు, గోంగూర వద్దు. చెకప్‌కి అమ్మని కూడా తీసుకెళ్ళి ఆవిడ ముందే డాక్టర్‌ని అడిగా, పప్పుకీ చీముకీ సంబంధం లేదమ్మా, ప్రోటీన్ కావాలి, పెట్టండి అన్నారు. అమ్మ బుద్ధిగా తలూపింది, ఇంటికొచ్చి మళ్ళీ చారన్నమే. నిజంగా వద్దనేది పొగలు కక్కే వేడివి, మొదటి రోజుల్లో వేడికి లోపలి రక్తనాళాలు వెడల్పయి రక్తం కారొచ్చు. ఆవిరి పట్టద్దనేదీ అందుకే, మనింట్లోనేమో ముక్కు అనగానే వేడినీళ్ళ గిన్నె, దుప్పటి రెడీ.

నేను: ఆవకాయ?

అక్క: ఉప్పూ కారం తెలుస్తున్నాయి, వాసన సున్నా. వాపు తగ్గేకొద్దీ మెల్లగా వచ్చింది. మొదట ఏ వాసన తెలిసిందని అడక్కు, డెటాల్.

నేను: (నవ్వు) సరే, ఆ ఉప్పునీళ్ళ గోల చెప్పు.

అక్క: అది గోల కాదురా, అసలు పనంతా అదే. సెలైన్‌తో కడక్కపోతే లోపల పెచ్చులు కట్టేసి మళ్ళీ మూసుకుపోతుంది. మందుల షాపులో బాటిల్, ప్యాకెట్లు దొరుకుతాయి, డాక్టర్ ఎప్పట్నుంచి మొదలెట్టమంటే అప్పట్నుంచి. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు డైరెక్టుగా వాడద్దు, ఆర్వో క్యాన్ నీళ్ళైనా సరే మరిగించి చల్లార్చాలి. 2024, 2025లో కేరళలో మెదడు తినే అమీబా అని వార్తలొచ్చాయి చూడు, నెగ్లేరియా అలాంటిదే, తాగితే ఏం కాదు, ముక్కులోకి పోతేనే మెదడుకి ఎక్కుతుంది. చాలా అరుదులే, కానీ నీళ్ళు మరిగించడానికి ఎంతసేపు?

నేను: ముక్కు తెరుచుకునే చుక్కలు వేసుకోవచ్చుగా?

అక్క: జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలా? డాక్టర్ రాస్తేనే, అదీ కొద్ది రోజులే. ఎక్కువ వాడితే మందు దిగగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంటుంది, మళ్ళీ చుక్కలు, అలా ఏళ్ళకేళ్ళు జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళున్నారు. ఇంక రెండు వారాలు ముక్కు చీదకూడదు, బరువులెత్తకూడదు, తుమ్మొస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. ఆఫీసులో ఎవరేమనుకుంటే ఏంటి.

నేను: స్ప్లింట్లు తీసేటప్పుడు?

అక్క: కుట్టు కత్తిరించి లాగారు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇంత పొడుగువి లోపల పట్టాయా అనిపించింది. గాలి జిల్లుమని లోపలికెళ్ళింది. మురిసిపోయి ఇంటికొచ్చానా, మర్నాటికి మళ్ళీ మూసుకుంది, పెచ్చులు. కడగడమే. లోపల పూర్తిగా సెట్ కావాలంటే మూణ్ణెల్ల నుంచి ఆర్నెల్లు.

నేను: ఎప్పుడు భయపడాలి?

అక్క: చుక్కలు చుక్కలుగా ఎర్రనీళ్ళు మొదటి రోజుల్లో మామూలే. ఎర్రటి రక్తం ఆగకుండా కారితే కూర్చుని ముందుకి వంగి, ముక్కు మెత్తటి భాగం పది పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కిపట్టాలి, తల వెనక్కి వాల్చద్దు, మింగేస్తాం. అయినా ఆగకపోతే హాస్పిటల్‌కే. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతూ, రెండు పక్కలా బిగిసిపోయి, జ్వరం కూడా వస్తే ఆరోజే వెళ్ళాలి. దూలం మీది పొర కింద రక్తం చేరితే మృదులాస్థికి పోషణ అందదు, అది చచ్చిపోతే ముక్కు మధ్యలో కుంగిపోతుంది.

నేను: అమ్మో. చివరిది, గురక పోయిందా? బావని అడిగితే నవ్వాడు.

అక్క: తగ్గింది, పోలేదు. గురక గొంతు వెనకనుంచి కూడా వస్తుంది కదా. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్ళు, స్లీప్ ఆప్నియా అంటారు, ముందు స్లీప్ స్టడీ చేయించుకోవాలి, ఈ ఆపరేషన్ ఒక్కదాంతో అది మామూలుగా పోదు. ముందు మీ బావని తీసుకెళ్ళి ఆ టెస్ట్ చేయించు, ఆయన గురకలో నాది ఎవరికి వినపడుతుంది.