వాయిదా అంటే మాఫీ కాదు

అందరికీ నమస్కారం. పేరోల్, అంటే ఉద్యోగుల జీతాల లెక్కల గురించి మాట్లాడతానంటే ఆదివారం పూట ఇంతమంది వస్తారనుకోలేదు. భోజనాలున్నాయని ముందే చెప్పినట్టున్నారు.

2020 ఆగస్టు 8, శనివారం. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక మెమొరాండం, అంటే ఆదేశపత్రం మీద సంతకం పెట్టారు. సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) పన్ను కింద ఉద్యోగి జీతంలోంచి పట్టుకునే 6.2 శాతాన్ని సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా పట్టుకోకుండా యజమాని వాయిదా వేయొచ్చు. రెండు వారాల జీతం 4,000 డాలర్ల లోపు ఉండాలి. కోవిడ్ రోజుల్లో మనిషి చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయన్నది ఉద్దేశం. ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. అమలు చేయాల్సిన వాళ్లం మనం కాబట్టి ఆ బాధే చెబుతాను.

ఎలా చేయాలో చెప్పే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నోటీసు ఆగస్టు 28, శుక్రవారం వచ్చింది. అమలు మంగళవారం నుంచి. మధ్యలో పనిదినం సోమవారం ఒక్కటే! ఎవరి దగ్గర ఎంత ఆపామో మనిషి మనిషికీ విడిగా లెక్క రాసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి ఏర్పాటే లేదు.

ఆ 4,000 గీత సంగతి చూడండి. దాన్ని ప్రతి జీతానికీ కొత్తగా చూడాలి. ఒకాయనకు ఈసారి 3,900 వచ్చింది, కోత లేదు. వచ్చేసారి ఓవర్‌టైమ్ చేసి 4,100 తెచ్చుకున్నాడు. గీత దాటాడు కాబట్టి 254 డాలర్ల 20 సెంట్లు కోత. 200 డాలర్లు ఎక్కువ సంపాదించినందుకు చేతికి 54 తక్కువ వచ్చిందన్నమాట, మిగతా పన్నుల మాట అటుంచి. ఇది ఉద్యోగికి వివరించి చూడండి, మీ ఓపిక తెలుస్తుంది.

అసలు చిక్కు ఇంకోటి. వాయిదా వేసిన సొమ్మును 2021 జనవరి నుంచి ఏప్రిల్ లోపు ఉద్యోగి జీతంలోంచే రాబట్టి కట్టాలి. మామూలు 6.2కి ఈ పాత కోత తోడవుతుంది. కట్టకపోతే మే 1 నుంచి వడ్డీ, జరిమానా, అదీ యజమాని మీద. డబ్బు వాడుకున్నది ఒకరు, పూచీ ఇంకొకరిది.

మరి ఉద్యోగి నవంబరులో మానేస్తే? హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాడు వేరే కంపెనీకి ట్రాన్స్‌ఫర్ అయిపోతే, ఇండియా వెళ్లిపోతే? వసూలుకు ‘వేరే ఏర్పాట్లు’ చేసుకోవచ్చని నోటీసులో ఒక్క ముక్క ఉంది, అంతే. ఓపీటీ మీద, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసాతోనే ఉద్యోగం చేస్తున్న మన పిల్లలకు మామూలుగా మొదటి ఐదేళ్లు ఈ పన్నే ఉండదు, వాళ్లకు ఈ గొడవ లేదు.

‘ట్రంప్ మళ్లీ గెలిస్తే మాఫీ చేస్తారట’ అని అప్పట్లో అందరి నోటా అదే మాట. రుణమాఫీలు చూసి పెరిగినవాళ్లం, ఆశ సహజం. కానీ మాఫీ చేయాలంటే కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు చట్టం చేయాలి. వ్యాపారుల సంఘం అమెరికా చాంబర్ ఆఫ్ కామర్స్ కూడా ఇది ఆచరణకు లొంగదని ఆగస్టులోనే ఉత్తరం రాసింది. చాలా కంపెనీలు దూరంగా ఉండిపోయాయి. ఫెడరల్ ఉద్యోగులకూ సైనికులకూ మాత్రం వద్దనే వీలు ఇవ్వలేదు. అక్కర్లేని అప్పు నెత్తిన పడింది.

డిసెంబరు 27న వచ్చిన చట్టం మాఫీ చేయలేదు, గడువును 2021 చివరి దాకా పొడిగించింది. మంచిదే. అయితే జనవరి కోతకు నాలుగు నెలల లెక్కతో సిద్ధం చేసుకున్నవాళ్లం వారం రోజుల్లో దాన్ని పన్నెండు నెలలకు తిరగరాసుకున్నాం.

ఈ పన్నులో యజమాని కూడా విడిగా 6.2 శాతం కట్టాలి. ఆ వాటాను వాయిదా వేసుకునే వీలు 2020 మార్చిలోనే కేర్స్ అనే కోవిడ్ సాయం చట్టం ఇచ్చింది. దాంతో ఇంత తలనొప్పి లేదు. తన డబ్బు, తన బాకీ, రెండేళ్ల గడువు.

ఆ సెప్టెంబరులో నా క్లయింటు ఒకాయన, చిన్న రెస్టారెంటు, ఫోన్ చేశాడు. ‘అన్నా, కట్ చేయొద్దంటున్నారు కదా, ఆపేద్దామా?’ అని. మీ వంటాయన్నే అడగమన్నాను. రెండు వారాలకు 2,000 డాలర్ల జీతం ఆయనది. ఎనిమిది జీతాలకు 992 డాలర్లు మిగులుతాయి, జనవరి నుంచి అదే వెనక్కి కట్టాలని ఫోన్ స్పీకర్లో పెట్టి చెప్పాను. అటునుంచి కాసేపు గరిటె చప్పుడే వినిపించింది. తర్వాత వంటాయన అన్నాడు: ‘ఇప్పుడే కట్ చేసేయండి సార్. చేతికొస్తే ఖర్చయిపోతుంది. జనవరిలో అద్దె ఎవరు కడతారు?’