పాత ఫ్యామిలీ వ్యాన్: ఇంజిన్ బాగుంటే సరిపోతుందా?

నమస్తే అండీ. ఈరోజు రివ్యూకి కొత్త బండి ఏదీ తీసుకురాలేదు. నా వెనక కనిపిస్తున్నది పదహారేళ్ల వయసున్న ఏడు సీట్ల మినీవ్యాన్. మా అక్కావాళ్లది. మీటరు రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటింది. కంపెనీ పేరు చెప్పను, లోగో మీద టేపు కూడా అంటించాను. పేరు చెబితే కామెంట్లన్నీ ఆ కంపెనీ మంచిదా కాదా అన్న గొడవతోనే నిండిపోతాయి. ఇప్పుడు చూపించబోయే జబ్బులు ఈ వయసుకి వచ్చిన ఏ వ్యాన్‌కైనా కొంచెం అటూ ఇటూగా వచ్చేవే.

తాళం ఇస్తూ బావ ఒక మాట అన్నాడు. "ఇంజిన్ సూపర్‌గా ఉంది, ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు" అని. పాత బండి గురించి ఎవరిని అడిగినా ముందు వచ్చేది ఈ మాటే. స్టార్ట్ చేస్తాను, వినండి. గరగర లేదు, పొగ లేదు, ఐడ్లింగ్ నిలకడగా ఉంది. నిజంగానే బాగుంది. కాకపోతే ఇంజిన్ బాగుందంటే బండి క్షేమంగా ఉందని అర్థం కాదు. ఇంజిన్ చెడితే బండి కదలదు, అంతే. బ్రేకులో, టైర్లో, అడుగున ఉన్న ఇనుమో చెడితే కదులుతున్న బండి మన చేతిలో ఉండదు. పైగా ఇవి ముందే చప్పుడు చేసి చెప్పవు. చప్పుడు చేసేవాటికేమో మనం వెంటనే డబ్బు పెట్టేస్తాం.

చప్పుడు చేసేవి త్వరగా కానిచ్చేద్దాం. వెనక ఏసీ పనిచేయడం లేదు. గాలి వస్తోంది కానీ చల్లదనం లేదు. వెనక సీట్లకు వెళ్లే ఏసీ పైపులు బండి అడుగున పొడవునా సాగుతాయి. వాటిని పట్టి ఉంచే క్లిప్పుల దగ్గర తడి, మట్టి చేరి సన్నటి చిల్లులు పడతాయి. పైపు మార్చకుండా గ్యాస్ నింపించడం దండగ. డిక్కీ తలుపు లేపి వదిలితే మెల్లగా కిందికి వచ్చేస్తోంది, చూడండి. దాన్ని పట్టి ఉంచే గ్యాస్ రాడ్లు నీరసించాయి. ఇది నెత్తిన పడుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. విప్పి బిగించడం పెద్ద పని కాదు. మ్యూజిక్ సిస్టమ్ గురించి అడగొద్దు, దానికి ఇష్టమైనప్పుడు పాడుతుంది.

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతోంది. అది నిలకడగా వెలుగుతుంటే ఒకటి రెండు రోజుల్లో స్కాన్ చేయించుకోవచ్చు. టపటపా ఆరి వెలుగుతుంటే మాత్రం ఏదో ఒక సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవడం లేదని అర్థం. కాలని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని మాడ్చేస్తుంది. అప్పుడు నెమ్మదిగా పక్కకు తీసి ఆపేయాలి. పిస్టన్లూ వాల్వ్‌లూ ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే చివరిసారి ఎప్పుడు మార్చారో కాగితం అడగండి. బెల్టుకి కిలోమీటర్లతో పాటు వయసు కూడా లెక్కే. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వ్‌లను గుద్దేస్తాయి, ఇక ఇంజిన్ విప్పాల్సిందే.

ఇక గేర్‌బాక్స్. మినీవ్యాన్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. అంత బరువును లాగే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఇంజిన్ పక్కన ఇరుకు చోటులో కూర్చుని ఉంటుంది. దానికి శత్రువు వేడి. 2004లో హోండా ఒడిస్సీ వ్యాన్లను, అదే గేర్‌బాక్స్ కుటుంబానికి చెందిన మరికొన్ని మోడల్స్‌నీ రీకాల్ చేశారు, అంటే లోపం సరిచేయడానికి కంపెనీయే వెనక్కి పిలిచింది. కారణం రెండో గేరు మరీ వేడెక్కి పళ్లు విరగడం, గేర్‌బాక్స్ ఉన్నట్టుండి పట్టేసే ప్రమాదం ఉండటం. ఈ వ్యాన్‌లో ఇంకా అంతదాకా రాలేదు. కానీ ఎత్తు ఎక్కుతున్నప్పుడు మూడో గేరు దగ్గర రేస్ పెరుగుతోంది, వేగం పెరగడం లేదు. దీన్నే గేరు జారడం అంటాం. మామూలు రోజుల్లో ఇది విసుగే. ఎదురుగా లారీ వస్తుండగా ఓవర్‌టేక్ మధ్యలో జారితే మాత్రం విసుగుతో పోదు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వాసన చూశాను. ఎర్రగా ఉండాల్సింది ముదురు గోధుమ రంగుకి తిరిగి, మాడిన వాసన వస్తోంది. ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కొన్ని మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. ఎవరి జీవితమో రాయరు.

ఇప్పుడు స్లైడింగ్ డోర్. ఈ వ్యాన్లు కొనేదే దీని కోసం, వయసొచ్చాక ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే. బటన్ నొక్కుతాను. సగం వరకు వచ్చింది... ఆగింది... మళ్లీ వెనక్కి పోయింది. లోపల మోటారు ఒక ఉక్కు కేబుల్‌ని లాగుతుంది, తలుపు రోలర్ల మీద ట్రాక్‌లో జారుతుంది. ట్రాక్‌లో మట్టి, పిల్లలు పడేసిన బిస్కెట్ ముక్కలు, ఎండిన గ్రీజు అన్నీ కలిసి గట్టిపడతాయి. రోలర్లు అరిగి తలుపు కిందికి వాలుతుంది. కేబుల్ ఒక్కో పోగూ తెగుతుంది. తలుపుకి వెళ్లే వైర్లు తెరిచిన ప్రతిసారీ మడతపడి లోపల తెగుతాయి. ఇదంతా రిపేరు ఖర్చు గురించి. అసలు చూడాల్సింది వేరే ఉంది. తలుపు పూర్తిగా పడిందా, గొళ్లెం పట్టిందా?

2016లో టయోటా సియెన్నా వ్యాన్లను, 2011 నుంచి 2016 మోడల్స్, అమెరికాలో 7 లక్షలకు పైగా ఈ తలుపు గురించే రీకాల్ చేశారు. తలుపు ఇరుక్కుని మోటారు మీద భారం పెరిగితే ఫ్యూజు పోవచ్చు. గొళ్లెం పట్టని స్థితిలో అలా జరిగితే బండి నడుస్తుండగా తలుపు తెరుచుకోవచ్చు. పక్కన కూర్చునేది ఎవరు? పిల్లలే. అందుకే ఈ తలుపు మొండికేస్తుంటే స్విచ్‌తో మోటారుని ఆపేయండి, చేత్తో తెరిచి చేత్తో వేయండి. వేశాక బయటినుంచి ఒకసారి గట్టిగా లాగి చూడండి. ఇంకో పరీక్ష కూడా ఉంది. తలుపు మూసుకుంటుండగా మధ్యలో అట్టపెట్టె పెట్టండి. తలుపు తగిలి వెనక్కి పోవాలి. చేతితో మాత్రం పరీక్షించొద్దు. చూడండి, ఈ వ్యాన్‌లో పెట్టె నలిగింది, తలుపు వెనక్కి పోలేదు. మోటారు కనెక్షన్ ఇవాళే తీసేయించాను.

సరే, లిఫ్ట్ మీదికి ఎక్కిద్దాం. ఇంట్లో చూడాలనుకుంటే ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. స్టాండ్లు పెట్టాల్సిందే.

పైన పెయింట్ మెరుస్తోంది కదా, ఇప్పుడు ఇక్కడ లైటు వేస్తాను. చెద పట్టిన గుమ్మానికి రంగు వేసినట్టుంది. ఈ ముందు ఫ్రేముని సబ్‌ఫ్రేమ్ అంటారు. ఇంజిన్ బరువు, ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు దీనికే బిగించి ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో కొడుతున్నాను. ఇక్కడ టంగుమంది, గట్టిగా ఉంది. ఇక్కడ... చప్పుడు మారింది, పెచ్చులు రాలాయి. ఆర్మ్ బోల్టుకి బెత్తెడు దూరంలో ఉంది ఇది. పైపైన ఎర్రగా ఉన్న తుప్పు అందరికీ ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. పొరలుగా ఊడి వచ్చే తుప్పే ప్రమాదం. 2010లో ఫోర్డ్ విండ్‌స్టార్ వ్యాన్లను, 1998 నుంచి 2003 మోడల్స్, వెనక యాక్సిల్ తుప్పుపట్టి విరిగే ప్రమాదం ఉందని వెనక్కి పిలిచారు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల ఇది మరీ త్వరగా వస్తుంది. అదే ఏడాది టయోటా 1998 నుంచి 2010 వరకు వచ్చిన సియెన్నాలను కూడా పిలిచింది. అక్కడ తుప్పుపట్టింది అడుగున వేలాడే స్టెప్నీని పట్టి ఉంచే కేబుల్. అది తెగితే స్టెప్నీ వెనకవాళ్ల దారిలో పడుతుంది. మన స్టెప్నీ కేబుల్ కూడా చూడండి, తాడు పీచు లేచినట్టు లేచింది.

ఇవి బ్రేక్ పైపులు. సన్నటి ఉక్కు గొట్టాలు, ముందు నుంచి వెనకదాకా పోతాయి. క్లిప్పు పైకి తీస్తే దాని కింద గొట్టం ఉబ్బి కనిపిస్తోంది. బ్రేకుల్లో రెండు సర్క్యూట్లు ఉంటాయి కాబట్టి ఒక పైపు పగిలినా మొత్తం పోవు. కానీ పెడల్ నేలదాకా దిగిపోతుంది, బండి ఆగడానికి చాలా ఎక్కువ దూరం పడుతుంది. ఇది జరిగేది కూడా మామూలుగా నొక్కినప్పుడు కాదు, ప్రాణభయంతో బలమంతా పెట్టి తొక్కినప్పుడు. అప్పుడే పైపులో ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ.

బ్రేక్ ఆయిల్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. నిండా జనంతో ఘాట్ రోడ్డు దిగుతుంటే బ్రేకులు అంత వేడెక్కడం కష్టమేమీ కాదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా దిగిపోతుంది. రెండు మూడేళ్లకోసారి మార్చమని ఎక్కువ కంపెనీలు చెబుతాయి. ఈ డబ్బాలో ఉన్నది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

టైర్లు చూద్దాం. బావ "గాడి బోలెడుంది" అన్నాడు, నిజమే, ఉంది. పక్కన డాట్ (DOT) అని ఇంగ్లీషులో రాసిన చోట చివరి నాలుగంకెలు చదవండి. 1413. అంటే 2013లో 14వ వారం తయారీ. రబ్బరు ఎండి పక్కల సన్నటి బీటలు కనిపిస్తున్నాయి. గాడి ఎంత ఉన్నా పదేళ్లు దాటిన టైరు వాడకూడదని టైర్ల కంపెనీలే చెబుతాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. తక్కువ తిరిగే వ్యాన్‌కే ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే టైరు అరగకుండానే ముసలిదవుతుంది.

దీనికి బరువు తోడవుతుంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మోయొచ్చో రాసి ఉంటుంది. చాలా వ్యాన్లలో అది 500 కిలోలకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. 70 కిలోల చొప్పున ఏడుగురు పెద్దవాళ్లు ఎక్కితేనే 490. ఇక సూట్‌కేసులు ఎక్కడ పెడతారు? ఎక్కువ బరువు, తక్కువ గాలి, పాత టైరు, ఎండ కాసే హైవే. ఈ నాలుగూ కలిస్తే టైరు పేలే ముప్పు బాగా పెరుగుతుంది. ఇక్కడ వెనక స్ప్రింగులు కూడా కుంగాయి. నిండా ఎక్కితే తోక దిగి, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

లోపలికి వద్దాం, మూడో వరుసకి. ఇక్కడ సీటు బెల్టు ఎవరూ చూడరు. మొత్తం బయటికి లాగాను, రెండో మడత దగ్గర అంచు పీచు లేచింది. ఝాడించి లాగితే పట్టేయాలి. ఇది పడుతోంది, ఆ చివరది పట్టడం లేదు. పట్టని సీట్లో ఎవరినీ కూర్చోబెట్టకూడదు, చిన్నపిల్లలైనా సరే. సీటు మడిచి మళ్లీ లేపినప్పుడు నేలలో కొక్కెం పూర్తిగా పడిందో లేదో సీటుని కుదిపి చూడండి. అసలు వెనక సీట్ల రక్షణ 2023 నాటి కొత్త వ్యాన్లలోనే అంతంతమాత్రంగా ఉండేది. అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ 2023లో నాలుగు కొత్త మినీవ్యాన్లను ఢీకొట్టించి వెనక సీటు మనిషికి ఏమవుతుందో చూసింది. ఒక్కదానికీ గుడ్ రాలేదు, దాని కింది గ్రేడ్ కూడా రాలేదు. పదహారేళ్ల నాటి బండి నుంచి అంతకన్నా ఎక్కువ ఆశించలేం. బండి పక్కకు జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో కూడా 2012 మోడల్స్ నుంచే అన్నిట్లో తప్పనిసరి అయింది. అంతకన్నా పాత వ్యాన్ కొంటుంటే అది ఉందా అని అడగండి.

ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఉంటే బ్యాగు తెరుచుకోకపోవచ్చు. చాలాసార్లు స్టీరింగ్ లోపలి చుట్ట వైరు తెగడమే కారణం. లైటు ఆరి ఉన్నా సరే, ఛాసిస్ నంబరుతో రీకాల్ ఉందేమో చూసుకోండి. తకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో, అంటే బ్యాగుని గ్యాస్‌తో నింపే డబ్బాల్లో, ఉన్న అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బాయే పగిలి ముక్కలు మనుషులకు గుచ్చుకున్నాయి. అలాంటివి కోట్ల సంఖ్యలో రీకాల్ చేశారు. మార్పిడి ఉచితం. పాత బండ్లు చేతులు మారతాయి కాబట్టి రీకాల్ ఉత్తరం వేరేవాళ్ల ఇంటికి పోయి ఉంటుంది.

ఇంకొక్కటి. సైలెన్సర్ పైపుకి మధ్యలో చిల్లు ఉంది. సామాను పట్టక డిక్కీ తలుపు సగం తెరిచి తాడు కట్టి వెళ్లడం చూస్తుంటాం. ఆ తెరిచిన సందులోంచి పొగ లోపలికి లాగబడుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ముందు తలనొప్పి, మగత. మూడో వరుసలో పిల్లలు నిద్రపోతున్నారని అనుకుంటాం.

మరి తీర్పు? ఊళ్లో తిరగడానికైనా సరే, బ్రేక్ పైపులు, టైర్లు మార్చేదాకా ఈ వ్యాన్ కదలకూడదు. తర్వాత సైలెన్సర్, చివరి బెల్టు, స్టెప్నీ కేబుల్. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చి చూడొచ్చు, జారడం ఆగకపోతే హైవే మానేయాలి. ఏసీ, మ్యూజిక్ అన్నీ అయ్యాక. వీటన్నిటికన్నా ముందు సబ్‌ఫ్రేమ్ తేలాలి. వర్క్‌షాపులో శుభ్రం చేసి చూస్తారు. తుప్పు ఆర్మ్ బిగించే చోటుదాకా పాకి ఉంటే పైన రేకు వెల్డింగ్ చేయించడానికి నేను ఒప్పుకోను. ఫ్రేము మొత్తం మార్చాలి, అది గిట్టుబాటు కాకపోతే తుక్కుకి ఇచ్చేయాలి. బావకి ఇది నచ్చలేదు, అక్క మాత్రం తాళం తీసి తన బ్యాగులో వేసుకుంది. రిపోర్టు వచ్చాక ఆ ఫ్రేము మీకు చూపిస్తాను. ఈలోగా మీ వ్యాన్ టైర్ల మీది నాలుగంకెలు కామెంట్లలో పెట్టండి, స్టెప్నీది కూడా.